పుర్రచేతి పురాణం

ఆగస్టు 13వ తేదీ ఎడమచేతివారి దినమట. 1976లో విదేశంలో మొదలైన ఈ దినం ఇప్పుడు చాలా దేశాలలో జరుగుతున్నది. మన పంచాంగంలో మాత్రం ఈ పండుగ లేదు. ఆనాడు మన పళ్ళికొండలో గుమ్మాలకు తోరణాలు కట్టరు. ఉత్తర రంగనాథస్వామి కోవెలలో విశేషపూజ చేయరు. మా ఆఫీసుకు సెలవు అంతకంటే ఇవ్వరు.

అయినా దీనిని గూర్చి ముచ్చటించటానికి కారణం ఉన్నది. విజయదశమి వస్తున్నది. ఎన్నో ఇళ్ళలో పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లల వ్రేలు పట్టుకొని మొదటి అక్షరం దిద్దిస్తారు. అలా కూర్చున్న పదిమంది బిడ్డలలో ఒక్కరు ఎడమచేయి చాస్తారు. చుట్టూ ఉన్న పెద్దలు ఒక్కసారిగా "ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి" అంటారు. ఆ బిడ్డకు జీవితంలో మొదటి పాఠం అక్షరం కాదు, తన చేయి తప్పు చేయి అన్న మాట. ఇది న్యాయమా అన్నదే ఈ నెల మా ప్రశ్న.

మేమూ ఆ ఎడమచేతి జాతివారమే, సగం వరకు. కత్తెర, సుత్తి, దువ్వెన, బంతి అన్నీ మాకు ఎడమచేత్తోనే. కలం సంగతి వేరు. తమిళం కుడిచేత్తో వ్రాస్తాము, తెలుగు ఎడమచేత్తో వ్రాస్తాము. వినేవారికి ఇదేదో గారడీలా తోచవచ్చు. గారడీ కాదు, ఆ కథ ముందు వస్తుంది.

ముందుగా మాటల సంగతి చూద్దాము. కుడుచు అంటే తినటం, త్రాగటం. కుడిచే చేయి గనుక కుడిచేయి అయిందని మన పెద్దలు చెప్పుకొనేవారు. తమిళులు దానినే మరింత తేటగా సోత్తుక్కై అన్నారు, అంటే అన్నపుచేయి. ఎడమచేతికి వాళ్ళు పెట్టిన పేరు పీచ్చాంగై. దాని అర్థం ఈ కుటుంబపత్రికలో వివరించనక్కరలేదు. కొంచెం మర్యాదగా అనదలచుకుంటే నొట్టాంగై అంటారు. మనవాళ్ళు పుర్రచేయి అన్నారు, రొడ్డచేయి అన్నారు. ఏ మాటా ముద్దుగా పెట్టింది కాదు. ఒక్క రైతు మాత్రం ధర్మంగా మాట్లాడాడు. కాడికి కుడిప్రక్క ఎద్దును వలపటెద్దు అనీ, ఎడమప్రక్క దానిని దాపటెద్దు అనీ అంటాడు. దాపటిది తక్కువదని ఏ రైతూ అనడు. రెండూ కలిసి లాగితేనే గదా చాలు సాగేది!

సంస్కృతంలోకి పోతే ఇంకొక వింత. సవ్యం అన్న మాటకు అసలు అర్థం ఎడమ. రెండుచేతులా బాణం వేయగలవాడు గనుక అర్జునుడు సవ్యసాచి అయ్యాడు. జందెం ఎడమభుజం మీద ఉంటే సవ్యం, కుడిభుజానికి మారితే అపసవ్యం. శుభకార్యానికి మొదటిది, పితృకార్యానికి రెండవది. అలా శుభంతో జతపడి కాబోలు, మనకిప్పుడు సవ్యంగా అంటే సరిగా అని అర్థమై కూర్చున్నది. ఎవరైనా "పని సవ్యంగా చేయవయ్యా" అంటే మేము లోలోపల నవ్వుకుంటాము. ఎడమచేత్తో చేయమని ఆయనే సెలవిస్తున్నాడు గదా! వామ అన్న మాటకు కూడా ఎడమ అనీ, అందమైన అనీ రెండర్థాలు. వామలోచన అంటే అందమైన కన్నులు గల స్త్రీ, ఎడమకన్ను మాత్రమే ఉన్న స్త్రీ కాదు. లాటిన్ వారు ఇంత ఉదారులు కారు. వాళ్ళు ఎడమను సినిస్టర్ అన్నారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ మాటకు కీడు అన్న అర్థమే మిగిలింది.

దేవుళ్ళు ఎడమను ఎన్నడూ తీసివేయలేదు. విష్ణుమూర్తి శంఖాన్ని పట్టుకొన్నది ఎడమచేత్తో. అర్ధనారీశ్వరుడిలో అమ్మవారిది ఎడమభాగం. పెళ్ళి అయిన పిమ్మట ఇల్లాలు కూర్చునేది భర్తకు ఎడమప్రక్కన. చిదంబరంలో నటరాజు ఎత్తిన పాదం ఎడమపాదం. భక్తులు శరణు కోరేది ఆ పాదాన్నే. మదురలో మాత్రం స్వామి కాలు మార్చి కుడిపాదం ఎత్తి ఆడతాడు. స్వామికే రెండు వాటాలూ ఉండగా మనుష్యులకు ఒకటే ఉండాలనటం ఏమి న్యాయం?

కర్ణుడి కథ మీకు తెలిసిందే. తలంటుకోవటానికి బంగారుగిన్నెలో నూనె పెట్టుకొని కూర్చున్నాడు. గిన్నె ఎడమచేతిలో ఉన్నది. అంతలో కృష్ణుడు వచ్చి ఆ గిన్నె అడిగాడు. కర్ణుడు వెంటనే ఎడమచేత్తోనే ఇచ్చేశాడు. ఎడమచేత్తో దానమా అని అడిగితే, "కుడిచేతికి మార్చుకొనేలోపల నా మనసు మారితే?" అన్నాడట. మా అవ్వ ఈ కథ చెప్పి, "ఇచ్చే మనసు ముందు, చెయ్యి తరవాత" అని ముగించేది.

మనుష్యులు మాత్రం చేతులతో ఆగలేదు, కులాలకు కూడా కుడి ఎడమలు అంటగట్టారు. ఈ తమిళదేశంలో కొన్ని వందల ఏళ్ళు వలంగై, ఇడంగై అని రెండు వర్గాలు ఉండేవి. ఒకటి కుడిచేతి కులాలది, ఇంకొకటి ఎడమచేతి కులాలది. పెళ్ళి ఊరేగింపు ఏ వీధిన పోవాలి, ఏ వీధి ఎవరిది అని తగవులు పడేవారు. 1707లో చెన్నపట్నంలో ఈ తగవు ముదిరి, తీర్చటానికి ఇంగ్లీషు గవర్నరు తల పట్టుకోవలసివచ్చింది. తమాషా ఏమంటే, ఇరువర్గాలవారూ అన్నం తిన్నది కుడిచేత్తోనే. ఆ వర్గాలు ఇప్పుడు పుస్తకాలలో మాత్రమే మిగిలాయి. ఎడమ అంటే తక్కువ అన్న మాట మాత్రం అక్షరాభ్యాసం పీటదాకా వచ్చి కూర్చున్నది.

ఇంతకూ ఈ వాటం ఎక్కడినుంచి వస్తుంది? బిడ్డ మొండితనం వల్ల కాదు, తల్లి అశ్రద్ధ వల్ల అంతకంటే కాదు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే వస్తుంది. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు శాస్త్రజ్ఞులు గర్భంలోని శిశువులు ఏ బొటనవ్రేలు చప్పరిస్తున్నారో స్కానింగులో చూసి వ్రాసి పెట్టుకొన్నారు. ఆ పిల్లలు పది పన్నెండేళ్ళవారు అయ్యాక మళ్ళీ వెదకి చూశారు. కుడివ్రేలు చప్పరించిన 60 మందీ కుడిచేతివారే అయ్యారు. ఎడమవ్రేలు చప్పరించిన 15 మందిలో 10 మంది ఎడమచేతివారు అయ్యారు, 5 గురు కుడికి మారారు. 2005లో ఈ సంగతి ప్రకటించారు. అక్షరాభ్యాసానికి ఎన్నో ఏళ్ళ ముందే చేయి నిర్ణయం అయిపోయిందన్నమాట! తల్లిదండ్రులిద్దరూ ఎడమచేతివారైనా పిల్లలలో సుమారు నాలుగింట ఒకరే ఎడమచేతివారు అవుతారు. కనుక "మీ వైపునుంచి వచ్చింది" అని వియ్యాలవారు తగవులాడుకోనక్కరలేదు.

లోకం మొత్తం మీద నూటికి పదిమంది ఎడమచేతివారు. అయితే 1900 ప్రాంతాన పుట్టిన ఇంగ్లీషువారిలో లెక్కకు వచ్చినవారు నూటికి సుమారు ముగ్గురే. వందేళ్ళలో మనుష్యుల చేతులు మారిపోతాయా? మారవు. ఆ రోజులలో బెత్తం మారకుండా ఉన్నది. మిగిలినవారు బెత్తానికి భయపడి కుడిచేతివారి లెక్కలో దాగిపోయారు. మన ఊళ్ళలో లెక్క తీస్తే ఈనాటికీ ఎందరు దాగి ఉన్నారో అని మాకు తోస్తూ ఉంటుంది.

అలా దాచబడినవారిలో ఇంగ్లండు రాజు ఒకరు. ఆరవ జార్జి చక్రవర్తి చిన్నతనంలో ఎడమచేతివాడు. బలవంతాన కుడిచేత వ్రాయించారు. ఆయనకు నత్తి వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉన్నదా లేదా అని పండితులు ఇంకా వాదించుకొంటున్నారు. వాదం ఎటు తేలినా, రాజు కొడుకుకు కూడా తన చేయి తనది కాకపోయిందన్నది మాత్రం నిజం.

ఇక నిత్యజీవితం. కుడిచేతి పాఠకులు దయచేసి ఒక్క పూట ఎడమచేత్తో పనులు చేసి చూడండి. కత్తెర ఎంత మొండిదో తెలుస్తుంది. కత్తెర రేకులు కుడిచేతి ఒత్తిడికి ఒకదానికొకటి దగ్గరయ్యేలా చేసి ఉంటాయి. ఎడమచేత్తో పట్టుకొంటే అవే రేకులు విడిపోయి గుడ్డను నములుతాయి. పైగా కోసే గీత పై రేకు చాటున పడి కనిపించదు. చొక్కాజేబు ఎడమవైపున కుట్టింది కుడిచేయి సులువుగా అందుకోవటానికి. మరచీల తిప్పుడు కుడిచేతి మణికట్టు బలాన్ని చూసి పెట్టింది. పరీక్షహాలులో పలక బిగించిన కుర్చీలుంటాయే, ఆ పలక కుడిప్రక్కనే. పోస్టాఫీసులో దారం కట్టిన కలం కూడా కుడిప్రక్కనే. ఆఫీసులో కంప్యూటరు మౌసు కుడిప్రక్క పెట్టుకొని మా ముందు కూర్చున్నవారు వెళ్ళిపోతే, మేము దానిని ఎడమప్రక్కకు తెచ్చి మీటలు మార్చుకొంటాము. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి ఆ సీటులో కూర్చుంటే, "ఈ మిషనుకు దయ్యం పట్టింది" అని లేచిపోతారు. ఇది మా చిన్న ఆనందాలలో ఒకటి.

వ్రాత దగ్గర అసలు కష్టం. తెలుగైనా తమిళమైనా ఎడమనుంచి కుడికి పోతాయి. కుడిచేతివాడు కలాన్ని లాగుతూ వ్రాస్తాడు. ఎడమచేతివాడు నెట్టుతూ వ్రాస్తాడు. అతడి అరచేయి తడి సిరా మీదుగా ప్రయాణం చేస్తుంది. ఒక పేజీ అయ్యేసరికి సగం అక్షరాలు కాగితం మీద, సగం చిటికెనవ్రేలి అంచున ఉంటాయి. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డా విన్సీ ఎడమచేతివాడు. ఆయన తన నోటుపుస్తకాలు కుడినుంచి ఎడమకు, అద్దంలో చూసినట్లు వ్రాసుకొన్నాడు. మాకు ఆ స్వతంత్రం లేదు. మా కాగితాల మీది మరకలు చూసి సంపాదకులు, "ఇవి వత్తులా, మరకలా?" అని ఒకటి రెండుసార్లు అడిగారు.

కష్టాలే కాదు, గౌరవాలూ ఉన్నాయి. ఎన్నికలలో చెరగని సిరా చుక్క పెట్టేది ఎడమచేతి చూపుడువ్రేలికి. దస్తావేజులలో వాడుకగా అడిగేది ఎడమచేతి బొటనవ్రేలి ముద్ర. అన్నం పెట్టటానికి పనికిరాదన్న చేతినే ప్రభుత్వంవారు సాక్ష్యానికి నమ్ముతున్నారు! వీణ మీద కుడిచేయి తీగను మీటుతుంది. గమకం పలికించేది ఎడమచేయి. వయొలిన్‌లో స్వరం ఉండేది ఎడమచేతి వ్రేళ్ళలో. మన గుడియాత్తం మగ్గాల దగ్గర నిలబడి చూడండి. ఒక చేయి తాడు గుంజుతుంది, ఒక చేయి పన్నె కొడుతుంది. ఏ చేయి ఆగినా లుంగీ ఆగిపోతుంది. ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలు సంగతి సరేసరి. అక్కడ ఎడమదీ కుడిదీ సమానంగా తయారు కాకపోతే జత కాదు.

కొందరికి ఈ వాటమే అక్కరకు వచ్చింది. సూర్యకాంతం గారిని (1924-1994) తలచుకోండి. ఎడమచేయి త్రిప్పుతూ ఆమె గద్దిస్తే హాలంతా గతుక్కుమనేది. "గుండమ్మ కథ" (1962) చూసిన ఏ కోడలూ ఆ చేతిని మరచిపోదు. హైదరాబాదులో పెరిగిన గుత్తా జ్వాల ఎడమచేతి బాడ్మింటన్ క్రీడాకారిణి. 2011లో ప్రపంచపోటీలలో అశ్వినీ పొన్నప్పతో కలిసి కంచుపతకం తెచ్చింది. ఎడమచేతి ఆటగాడి దెబ్బ ఏ వైపునుంచి వస్తుందో ఎదుటివాడికి అలవాటు ఉండదు. అదే అతడి బలం. గాంధీగారు పుట్టుకతో ఎడమచేతివారు కాకపోయినా, 1909 నవంబరులో ఓడ మీద "హింద్ స్వరాజ్" వ్రాస్తూ కుడిచేయి నొప్పి పుట్టినప్పుడు ఎడమచేతికి కలం మార్చారు. సుమారు 40 పేజీలు ఆ చేతి వ్రాతే.

ఈ తమిళదేశంలోనే మృదంగ విద్వాంసులు పళని సుబ్రహ్మణ్యం పిళ్ళై (1908-1962) ఎడమచేతివారు. మృదంగాన్ని త్రిప్పి వాయించేవారు. దానివల్ల కచేరీలో ప్రక్కవాద్యాలవారు కూర్చునే వైపు మార్చుకోవలసివచ్చేది. అది కొందరికి నచ్చలేదు. చెంబై వైద్యనాథ భాగవతార్ వంటి పెద్దలు ఆదరించి ప్రక్కన కూర్చోబెట్టుకొన్నారు. ఎదుటివారు ఒక మూర జరిగి కూర్చుంటే చాలు, ఒక మహావిద్వాంసుడు మనకు మిగిలాడు. ఎడమచేతివారు లోకాన్ని అడిగేది కూడా అంతే, ఆ మూరెడు జాగా.

ఇప్పుడు మా రెండు వ్రాతల కథ. మమ్మల్ని ఒకటవ తరగతిలో చేర్చిన బడిలో (పేరెందుకు లెండి) ఒక పంతులుగారు ఉండేవారు. ఎడమచేత్తో పలక మీద బలపం పెట్టగానే స్కేలు అంచుతో కణుపుల మీద కొట్టేవారు. ఆయన చెడ్డవాడు కాడు. జ్వరం వస్తే భుజాన వేసుకొని ఇంటికి తెచ్చి దించిన మనిషి. బిడ్డ బాగుపడాలనే కొట్టాడు. అలా బడిలో తమిళ అక్షరాలు కుడిచేతికి వచ్చాయి. సాయంత్రం ఇంటికి వస్తే మా అవ్వ తెలుగు దిద్దించేది. ఆమెకు స్కేలు లేదు. "ఏ చేత్తోనైనా రాయి నాయనా, అక్షరం గుండ్రంగా ఉంటే చాలు" అనేది. అలా తెలుగు ఎడమచేతికి వచ్చింది. ఈనాటికీ అంతే. ఆఫీసులో కుడిచేత్తో చిట్టా వ్రాస్తాము, అది నేర్పిన వ్రాత. ఈ శీర్షిక ఎడమచేత్తో వ్రాస్తున్నాము, ఇది పుట్టిన వ్రాత. తమిళం మాకు కూడు పెట్టింది. ఆ చేతిని తక్కువ చేయము. కాని మనసులో మాట చెప్పాలంటే ఈ చేయే ముందు లేస్తుంది. పరాయిదేశంలో కాకపోయినా పరభాష మధ్య బ్రతికే మన సంఘ సభ్యులకు ఈ మాట వివరించనక్కరలేదు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. మేము పెదనాయనా అని పిలుస్తాము. నలభై ఏళ్ళు ఉద్యోగం చేసి పింఛను పుచ్చుకొంటున్నారు. నియమాల మనిషి. ఆయన మనుమరాలు ఎడమచేతి పిల్ల. అయిదేళ్ళ పిల్ల ఎడమచేత్తో పెన్సిలు పడితే చాలు, "ఆ చెయ్యి తియ్యి" అని గద్దించేవారు. కొడుకు, కోడలు ఆయన మాటకు ఎదురాడరు. పిల్ల తాత ఎదుట కుడిచేత్తో వంకరగా వ్రాసేది, చాటుకు పోయి ఎడమచేత్తో బొమ్మలు వేసేది.

మూడేళ్ళ క్రితం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిప్రక్క పడిపోయింది. వేలూరు తీసుకొనిపోయారు. చేతుల వైద్యానికి వేలూరు పేరు పడ్డ ఊరు. 1946లో అక్కడికి వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు కుష్ఠురోగంతో ముడుచుకుపోయిన వ్రేళ్ళకు శస్త్రచికిత్స చేసి మళ్ళీ పనిలో పెట్టారు. ఆయన వద్ద ఆ విద్య నేర్చిన డాక్టరు మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదంలో నడుము క్రింద చచ్చుబడినా, చక్రాలకుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. 1966లో బాగాయంలో ఏర్పడిన పునరావాస కేంద్రానికి ఆమే ప్రాణం. అటువంటి ఊళ్ళో మన పెదనాయనకు మెల్లగా నడక వచ్చింది. కుడిచేయి మాత్రం రాలేదు. "ఇకమీదట ఎడమచేత్తో తినటం, వ్రాయటం నేర్చుకోండి" అని చెప్పి పంపించారు.

ఇంటికి వచ్చాక ఆయన తలుపు వేసుకొని అన్నం తినేవారు. ఎడమచేయి నోటి దగ్గరకు పోవటం ఎవరూ చూడకూడదు. పెద్దమ్మ పెడతానంటే ఒప్పుకోరు, చెంచా ఇస్తే విసిరేస్తారు. చిక్కిపోయారు. అంతలో నవంబరు వచ్చింది. పింఛనుదారులు బ్రతికే ఉన్నామని రుజువు ఇవ్వవలసిన నెల. కాగితం తీసుకొని మేము వెళ్ళాము. "సంతకం కుదరకపోతే ఎడమ బొటనవ్రేలి ముద్ర వేస్తే చాలు పెదనాయనా" అన్నాము. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "నలభై ఏండ్లు సంతకం పెట్టినోణ్ణి. నేను నిశానీ వెయ్యాల్నా?" అన్నారు. కాగితం అక్కడే పెట్టి వచ్చేశాము.

తరువాత జరిగింది పెద్దమ్మ చెప్పగా విన్నాము. ఆయన ఒక్కరే కూర్చొని ఎడమచేత్తో కలం పట్టుకొని కాగితం చింపుతున్నారట. వాకిట్లోనుంచి పిల్ల చూసింది. దగ్గరకు వచ్చి, "తాతా, అట్ల కాదు. కాగితాన్ని ఇట్ల వాలుగా పెట్టుకో. పెన్నును కొంచెం పైన పట్టుకో" అన్నది. ఆయన పెట్టుకొన్నారు. గీత నిలిచింది. కాసేపు ఊరక ఉండి, "నీకెవరు నేర్పించినారే?" అని అడిగారు. "ఎవరూ నేర్పించలే తాతా" అన్నది పిల్ల.

ఆ గడువు తప్పకుండా ఉండటానికి ఆ ఏడు ఆయన వ్రేలిముద్రే వేశారు. కాని మానలేదు. మనుమరాలి నాలుగుగీతల కాపీపుస్తకంలోనే రోజూ ఒక పేజీ తన పేరు వ్రాశారు. సంక్రాంతి దాటాక బ్యాంకుకు వెళ్ళి క్రొత్త నమూనా సంతకం ఇచ్చి వచ్చారు. మేము వెంట ఉన్నాము. పాత సంతకమంత ఠీవి లేదు గాని, చదవటానికి స్పష్టంగా ఉన్నది. ఇప్పుడు విందులలో తలుపు వేసుకోకుండా, బంతి చివర ఎడమప్రక్కన కూర్చొని చెంచాతో తింటారు. పిల్ల బడిలో ఎడమచేత్తో వ్రాస్తున్నది. అన్నం మాత్రం అవ్వ నేర్పినట్లు కుడిచేత్తోనే తింటుంది. దానికి ఆ పిల్ల ఎన్నడూ ఏడ్వలేదు.

ఇక్కడే మేము చెప్పదలచింది ఉన్నది. విస్తరి దగ్గర చేయి ఒక మర్యాద. కలం దగ్గర చేయి ఒక ప్రకృతి. చెప్పులు వాకిట్లో విడవటం, పెద్దలకు రెండుచేతులా ఇవ్వటం, అన్నం కుడిచేత్తో తినటం నలుగురితో కలిసి బ్రతకటానికి పెట్టుకొన్న పద్ధతులు. నెమ్మదిగా చెబితే బిడ్డ నేర్చుకొంటుంది. నేర్చుకోలేకపోతే దానికీ కొట్టవద్దు. వ్రాయటం, గీయటం, కుట్టటం, ఆడటం పద్ధతులు కావు. అవి మెదడు చేసే పనులు. అక్కడ చేయి మార్చటమంటే నడిచేవాడి కాళ్ళు మార్చటమే. ఈ రెంటినీ కలిపివేయటం వల్లనే పిల్లలు దెబ్బలు తింటున్నారు.

ఎడమచేతి బిడ్డ ఉన్న తల్లులకు కొన్ని సులువులు చెబుతాము. కాగితాన్ని నిలువుగా పెట్టవద్దు. పై అంచు కుడివైపుకు వాలేలా కొంచెం త్రిప్పి పెట్టండి. చేయి వ్రాసే గీతకు క్రిందుగా ఉండాలి, పైనుంచి కొక్కెంలా వంచనివ్వవద్దు. కలాన్ని ముల్లుకు మరీ దగ్గర కాకుండా కొంచెం ఎగువన పట్టించండి. త్వరగా ఆరే సిరా మంచిది. దీపం వెలుగు కుడివైపునుంచి రావాలి, లేకపోతే తన చేతి నీడ తన అక్షరం మీదే పడుతుంది. బెంచీలో ఎడమకొసన కూర్చోబెట్టమని పంతులమ్మతో చెప్పండి. లేకుంటే ప్రక్కపిల్ల మోచేయి తగిలి ఇద్దరికీ తగవు. ఎడమచేతి కత్తెరలు వేరుగా అమ్ముతారు. దొరికితే ఒకటి కొని ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, చుట్టాల ముందు ఆ చేతిని గూర్చి జాలిగా మాట్లాడవద్దు. బిడ్డ వింటూ ఉంటుంది.

ఈ విజయదశమికి బియ్యం పళ్ళెం ముందు మీ బిడ్డ ఎడమచేయి చాస్తే, ఆ చేతి వ్రేలినే పట్టుకొని దిద్దించండి. సరస్వతీదేవి ఏమీ అనుకోదు. ఆమె వీణ మీద స్వరం పలికించేది ఎడమచేత్తోనే.

మీ ఇళ్ళలోని ఎడమచేతి ముచ్చట్లు ఒక కార్డుముక్క మీద వ్రాసి ఈ శీర్షికకు పంపండి. ఏ చేత్తో వ్రాసినా మాకు అభ్యంతరం లేదు. మరకలున్నా చదువుకొంటాము.